885 అడుగుల గీత: పాత టోపోషీటుతో శ్రీశైలం ముంపు ఊళ్లను వెతకడం

శ్రీశైలం జలాశయం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. ఆ మట్టం కింద కృష్ణా, తుంగభద్ర ఒడ్డున ఉన్న వందకు పైగా గ్రామాలు కొన్ని పూర్తిగా, కొన్ని సగం మునిగాయి. 1980ల మొదట్లో ఖాళీ చేయించిన ఆ ఊళ్లు ఇవాళ్టి ఏ మ్యాపులో చూసినా నీలిరంగు కిందే ఉంటాయి. డ్యాం కట్టకముందు సర్వే అయిన అంగుళం-మైలు టోపోషీట్లలో (అంగుళానికి మైలు చొప్పున నేల ఎత్తుపల్లాలు చూపే సర్వే ఆఫ్ ఇండియా మ్యాపులు) మాత్రం ఊరు, గుడి, బావి, బండిబాట, ఏటి రేవు అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఆ షీట్లను ఎలా పట్టుకోవాలి, ఇవాళ్టి నేల మీద ఎలా కూర్చోబెట్టాలి, ఏ ఊరి దిబ్బ ఏ మట్టం దగ్గర బయటపడుతుందో ఎలా లెక్కగట్టాలి అన్నది ఇక్కడ రాస్తున్నాను. ముంపు లేని చోట తెగిపోయిన చెరువులకూ, పాడుబడ్డ ఊళ్లకూ ఇదే పద్ధతి పనికొస్తుంది. చాలామంది ఊరి పేరు పట్టుకుని వెతకడం మొదలుపెడతారు. ఎత్తుతో మొదలుపెట్టడం మంచిది. పాత షీటులో కాంటూరు గీతలనూ (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) వాగుల మెలికలనూ నమ్మొచ్చు. పేర్లను అంతగా నమ్మలేం.

ఏ షీటు తీయాలి

సర్వే ఆఫ్ ఇండియా నంబర్ల పద్ధతి తెలిస్తే ఎవరినీ అడగనక్కర్లేదు. దేశాన్ని నాలుగు డిగ్రీల చదరాలుగా కోసి నంబర్లిచ్చారు. తెలుగు నేలలో ఎక్కువ భాగం 56, 57, 65, 66 నంబర్లలో పడుతుంది. ప్రతి చదరాన్ని డిగ్రీకొకటి చొప్పున 16 ముక్కలు చేసి ఎ నుంచి పి దాకా అక్షరాలు పెట్టారు. ఒక్కో డిగ్రీ ముక్కను మళ్లీ 15 నిమిషాల చొప్పున 16 షీట్లు చేశారు. అక్షరాలైనా అంకెలైనా పైనుంచి కిందికి నడుస్తాయి, ఒక నిలువు వరుస అయ్యాక కుడిపక్క వరుస పైనుంచి మళ్లీ మొదలవుతుంది. అడ్డంగా చదివితే పక్క జిల్లా షీటు చేతికొస్తుంది.

57 నంబరు చదరం 76 నుంచి 80 డిగ్రీల రేఖాంశం, 12 నుంచి 16 డిగ్రీల అక్షాంశం. అందులో ఐ అక్షరం మూడో నిలువు వరుసలో పైది, అంటే 78 నుంచి 79 డిగ్రీలు, 15 నుంచి 16 డిగ్రీలు. కర్నూలు, ఆలంపూర్ రెండూ దాని వాయవ్య మూలలో ఉన్నాయి కాబట్టి రెండూ 57 ఐ/1 షీటులోకే వస్తాయి. కృష్ణా-తుంగభద్ర సంగమం పరిసరాలు 16 డిగ్రీల అక్షాంశానికి దగ్గర. అందుకని ఉత్తరాన 56 ఎల్/4, తూర్పున 57 ఐ/5, ఈశాన్యాన 56 ఎల్/8 కూడా తీసుకోవాలి. నాగార్జునసాగర్‌లో మునిగిన నాగార్జునకొండ విషయంలోనూ ఇదే ఇబ్బంది. అది 16 డిగ్రీల 31 నిమిషాలు, 79 డిగ్రీల 14 నిమిషాల దగ్గరుంది కనుక 56 పి/2లో ఒక మూలకు పడుతుంది. విజయపురి లోయంతా, అంటే నాగార్జునకొండ లోయంతా చూడాలంటే పి/2, పి/3, పి/6, పి/7 నాలుగూ కలపాలి. షీటు అంచు దగ్గర ఊరు వెతికేటప్పుడు పక్క షీటు తీయకుండా 'లేదు' అని తేల్చొద్దు.

అంగుళం-మైలు షీటు స్కేలు 1:63,360. 1956లో మెట్రిక్ పద్ధతి వచ్చాక ఇవే షీట్లు 1:50,000కు మారాయి, కాంటూరు దూరం 50 అడుగుల నుంచి 20 మీటర్లకు మారింది. ముంపు ఊళ్ల పనికి అంగుళం షీటే కావాలి. 1980ల తర్వాత సవరించిన 1:50,000 షీటులో జలాశయం నీలంగా నిండి ఉంటుంది, దాని కిందున్న కాంటూర్లను తీసేసి ఉంటారు.

దొరికే చోట్లు: హైదరాబాద్ ఉప్పల్లోని సర్వే ఆఫ్ ఇండియా కార్యాలయం, పెద్ద విశ్వవిద్యాలయాల భూగోళ, భూగర్భ శాస్త్ర విభాగాల మ్యాపు గదులు, తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్, మద్రాసు ప్రెసిడెన్సీ వైపు జిల్లాలకైతే చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్. సర్వే ఆఫ్ ఇండియా ఆన్‌లైన్లో ఇచ్చే ఓపెన్ సిరీస్ మ్యాపులు కొత్తవి. పోల్చి చూడటానికే పనికొస్తాయి. టెక్సాస్ విశ్వవిద్యాలయం పెరీ-కాస్టనెడా లైబ్రరీ సైటులో 1950లలో అమెరికా సైన్యం అచ్చేసిన యు502 సిరీస్ ఉచితంగా దొరుకుతుంది. దాని స్కేలు 1:2,50,000, అంటే ఊరి పేరు, దారి, ఏరు తెలుస్తాయి కానీ బావీ చెరువుకట్టా తెలియవు. ఊరు ఏ షీటులో ఉండొచ్చో మొదట తేల్చుకోవడానికి అది చాలు.

అచ్చు సంవత్సరం, సర్వే సంవత్సరం

షీటు చేతికి రాగానే ముందు చూడాల్సింది అడుగు అంచులో ఉన్న వివరాలు. పైన పెద్దగా కనిపించే సంవత్సరం అచ్చు సంవత్సరం కావచ్చు. సర్వే దానికి చాలా ముందే జరిగి ఉంటుంది. 1905 తర్వాత మొదలైన రంగుల సర్వేలో షీటు అడుగున చిన్న పటం ఒకటుంటుంది, ఏ భాగం ఏ ఏడు సర్వే చేశారో అందులో గీతలు గీసి చూపిస్తారు. ఒకే షీటులో కృష్ణకు ఇవతల ఒక సంవత్సరం, అవతల మరొక సంవత్సరం ఉండటం మామూలే. మధ్యలో 'రోడ్లు, రైలుమార్గాలు మాత్రమే సవరించాం' అన్న గమనిక ఉందేమో కూడా చూడండి. అలా ఉంటే కొత్త రోడ్డు పక్కన కనిపించే ఊరు పాత సర్వే నాటిదే. రోడ్డు వచ్చాక పుట్టిన గూడెం అందులో ఉండదు. షీటులో లేదు కాబట్టి అప్పటికి ఊరు లేదని వాదించేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

ఇంకా పాత, 19వ శతాబ్దపు అట్లాస్ షీట్లు వాడితే రేఖాంశాలు సూటిగా పనికిరావు. అప్పట్లో మద్రాసు అబ్జర్వేటరీకి తీసుకున్న రేఖాంశం విలువలోనే తేడా ఉంది. అంచులో దిద్దుబాటు గమనిక చూడకపోతే మ్యాపు మొత్తం నాలుగైదు కిలోమీటర్లు పక్కకు జరుగుతుంది.

స్కాన్ చేయడం, కూర్చోబెట్టడం

ఫోన్ ఫొటోతో పని నడవదు. అంచుల్లో లెన్స్ వంపు వస్తుంది, మడతల దగ్గర కాగితం లేచి నిలబడుతుంది. పెద్ద సైజు స్కానర్ ఉన్న ప్లాటింగ్ షాపులో 400 డీపీఐ (అంగుళానికి 400 చుక్కలు), రంగుల్లో, టిఫ్ ఫైలుగా చేయించండి. ఆ లెక్కన ఒక పిక్సెల్ నేల మీద దాదాపు 4 మీటర్లు. 300 అయితే 5 మీటర్లకు కాస్త ఎక్కువ, అది కూడా సరిపోతుంది. 600కి వెళితే ఫైలు బరువు పెరుగుతుందే తప్ప మ్యాపులో లేని వివరం పుట్టదు.

గుడ్డ మీద అంటించిన పాత షీట్లతో ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. మడవడానికి వీలుగా వాటిని ముక్కలుగా కోసి, ముక్కకూ ముక్కకూ మధ్య సందు వదిలి అంటించేవాళ్లు. సందు 2 మిల్లీమీటర్లుంటే నేల మీద 127 మీటర్ల ఖాళీ చొరబడినట్టు. అలాంటివి వస్తే ఒక్కో ముక్కను విడిగా కత్తిరించి విడివిడిగా కూర్చోబెట్టాలి.

క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్ ఉచితం, అందులో స్కాన్‌ను అక్షాంశ రేఖాంశాల మీద కూర్చోబెట్టే జియోరెఫరెన్సర్ ఉంటుంది. 15 నిమిషాల షీటు మీద ప్రతి 5 నిమిషాలకూ అక్షాంశ రేఖాంశాలు కలిసే చోట్లున్నాయి, నాలుగు మూలలతో కలిపి మొత్తం 16. అన్నింటికీ పాయింట్లు పెట్టండి. నాలుగు మూలలతో సరిపెడితే కాగితం ఎక్కడ సాగిందో తెలియదు. అంకెలు వేసేటప్పుడు 15 డిగ్రీల 50 నిమిషాలంటే 15.8333. తొందరలో 15.50 అని కొడితే ఆ పాయింటు 37 కిలోమీటర్లు దక్షిణానికి పోతుంది. కొన్ని సైనిక ఎడిషన్ల మీద గజాల లెక్కలో ఊదారంగు గళ్లు అచ్చయి ఉంటాయి. వాటి జోలికి పోకుండా డిగ్రీల గీతలే వాడండి.

తర్వాత వచ్చేది డేటం, అంటే అక్షాంశ రేఖాంశాలను ఏ భూగోళ నమూనా మీద లెక్కించారన్నది. ఎక్కువమంది ఆగిపోయేది దీని దగ్గరే. పాత షీట్లు ఎవరెస్ట్ గోళం మీద గీసినవి, మన ఫోన్లలోని జీపీఎస్ నడిచేది డబ్ల్యూజీఎస్ 84 మీద. షీటు మీద అచ్చైన అంకెలను నేరుగా డబ్ల్యూజీఎస్ 84 అనుకుని వేస్తే, కర్నూలు ప్రాంతంలో మ్యాపు దాదాపు 190 మీటర్లు ఆగ్నేయానికి జరిగి కూర్చుంటుంది. కాగితం మీద అది 3 మిల్లీమీటర్లే కానీ నేల మీద ఒక చిన్న ఊరు మొత్తం తప్పిపోయేంత దూరం. కాబట్టి జియోరెఫరెన్సర్లో కళ్యాణ్‌పూర్ 1975, అంటే ఈపీఎస్‌జీ కోడు 4146 ఎంచుకోండి. మ్యాపును ఉపగ్రహ చిత్రం మీద తెరిచేటప్పుడు ఏ మార్పిడి వాడాలని సాఫ్ట్‌వేర్ అడుగుతుంది. 295, 736, 257 అనే మూడు అంకెలున్న, భారతదేశానికి వర్తించే మార్పిడి తీసుకోవాలి. జాబితాలో 'బాల్‌పార్క్' అనే ఎంపిక కనిపిస్తే దాన్ని ముట్టుకోవద్దు, అది డేటం తేడాను అసలు సరిచేయదు.

మొదట మ్యాపును వంచకుండా కూర్చోబెట్టే పాలినామియల్ 1 పద్ధతి పెట్టి ఒక్కో పాయింటు దగ్గర మిగిలిన తేడా చూడండి. 5 పిక్సెళ్లు దాటిన పాయింటు ఉంటే అంకె తప్పు కొట్టి ఉంటారు, లేదా అక్కడ కాగితం చిరిగి అతికించి ఉంటుంది. దాన్ని సరిచేశాకే, మ్యాపును వంచి సర్దే పాలినామియల్ 2కి వెళ్లాలి. ముందే 2 పెడితే తప్పు పాయింటును కూడా అది సర్ది దాచేస్తుంది, మ్యాపు మధ్యలో వంకర తిరుగుతుంది.

సరిచూడటానికి రోడ్లు వాడొద్దు, అవి కదిలిపోయాయి. ఇసుక ఒడ్డు కూడా వద్దు, ఏరు మారింది. రాతిగుట్ట శిఖరం మీది త్రికోణ గుర్తు, కోట బురుజు, పాత గుడి లాంటివి మంచివి. 57 ఐ/1లో అయితే కర్నూలు కోటలోని కొండారెడ్డి బురుజు, ఆలంపూర్లో బాలబ్రహ్మ ఆలయం ఉన్నాయి, రెండూ కదలనివి. ఒకటి ఏటికి దక్షిణాన, ఇంకొకటి ఉత్తరాన ఉండటం అదనపు మేలు. రెండు చోట్లా 50 మీటర్ల లోపు కుదిరితే అక్కడితో ఆపేయండి. అంతకంటే మెరుగు ఆ స్కేలులో రాదు. అర మిల్లీమీటరు గీత మందమే నేల మీద 32 మీటర్లు. పైగా రోడ్డు, ఊరు, గుడి దగ్గర దగ్గరగా ఉంటే చదవడానికి వీలుగా గుర్తులను కాస్త పక్కకు జరిపి గీసేవాళ్లు.

885 గీయడం

అంగుళం షీటులో కాంటూర్లు 50 అడుగులకొకటి. 850, 900 గీతలుంటాయి కానీ 885 ఉండదు. 850 నుంచి 900కి వెళ్లే దారిలో పదింట ఏడో వంతు దగ్గర 885 వస్తుంది. నాగార్జునసాగర్ పూర్తి మట్టం 590, కనుక అక్కడ 550, 600 గీతల మధ్య పదింట ఎనిమిదో వంతు. కొండవాలులో ఇది కంటితోనే గీయొచ్చు, గీతలు దగ్గరగా ఉంటాయి కాబట్టి తప్పినా పదిపదిహేను మీటర్లే. కర్నూలు వైపు నల్లరేగడి మైదానంలో అలా కుదరదు. అక్కడ రెండు గీతల మధ్య కిలోమీటరు దూరం ఉండొచ్చు, వాలు కూడా ఒకేలా ఉండదు. మధ్యలో చుక్క పక్కన అచ్చయిన ఎత్తు అంకెలన్నీ ఏరి, గీతలతో కలిపి క్యూజీఐఎస్‌లో టిన్ ఇంటర్‌పొలేషన్ (తెలిసిన ఎత్తులను త్రికోణాలుగా కలిపి మధ్య ఎత్తులు లెక్కగట్టడం) చేయించి, అందులోంచి 885 గీత తీయాలి.

ఇక్కడ ఆధునిక ఎత్తు డేటా సాయం చేయదు. అందరూ వాడే ఎస్‌ఆర్‌టీఎం అనే రాడార్ ఎత్తు కొలతలు 2000 ఫిబ్రవరిలో అమెరికా అంతరిక్ష షటిల్ నుంచి తీసినవి. జలాశయంలో అప్పుడున్న నీటి ఉపరితలమే అందులో చదునుగా పడింది, దాని కింది నేల కనపడదు. నీళ్ల కింది ఎత్తులు మనకు దొరికేది ఆ పాత గోధుమరంగు గీతల్లోనే.

885 గీయగానే ముంపు హద్దు తెలుస్తుంది. అసలు పని 850 గీతతో ఉంది. శ్రీశైలం నీటిమట్టం రోజూ పత్రికల్లో అడుగుల్లోనే వస్తుంది. మట్టం 850 అని వచ్చిన రోజు నీటి అంచు దాదాపుగా షీటులోని 850 గీత మీదే ఉంటుంది. ఊరి గుర్తు ఆ గీతకు పైనుంటే దిబ్బ బయటపడ్డట్టే, కింద ఉంటే ఇంకా ఆగాలి. ఇలా ఒక్కో ఊరి పక్కన అది ఏ అడుగు దగ్గర తేలుతుందో రాసి పెట్టుకుంటే, ఏప్రిల్, మే నెలల్లో ఏ వారం ఎక్కడికి వెళ్లాలో ముందే తెలుస్తుంది. 1:50,000 షీటు మాత్రమే దొరికినవాళ్లు 260 మీటర్ల గీత చూడండి, అది 853 అడుగులు.

పూడిక మాత్రం ఈ లెక్కను చెడగొడుతుంది. జలాశయం సామర్థ్యం మొదట 308 టీఎంసీలు, ఇప్పుడు 215 టీఎంసీల పైచిలుకు. ఆ తేడా అంతా అడుగున చేరిన ఒండ్రే. ఏటి పాత కాలువలోనూ దానికి ఆనుకున్న పల్లంలోనూ నేల పాత కాంటూరు కంటే పైకి వచ్చేసింది. అక్కడి ఊరి దిబ్బ ఒండ్రు కింద ఉంటే నీళ్లు తగ్గినా ఏమీ కనపడదు. గట్టు మీద, వాగుకు దూరంగా ఉన్న ఊళ్లకు ఈ బాధ తక్కువ. వెతుకులాట వాటితో మొదలుపెడితే ఫలితం వస్తుంది.

నీళ్లు నిండకముందు చిత్రం కావాలంటే కరోనా గూఢచారి ఉపగ్రహాల ఫొటోలున్నాయి. 1960 నుంచి 1972 మధ్య తీసినవాటిని 1995లో అమెరికా బయటపెట్టింది. యూఎస్‌జీఎస్ ఎర్త్ ఎక్స్‌ప్లోరర్ సైటులో మన ప్రాంతం గీసి వెతకొచ్చు, ముందే స్కాన్ చేసినవి ఉచితం. నలుపు తెలుపులో ఊరి వీధుల ఆకారం, చెరువుకట్ట నీడ, బండిబాట తెల్లగీత పోల్చుకోవచ్చు. టోపోషీటును దాని పక్కన పెట్టి చూస్తే సర్వేకూ ముంపుకూ మధ్య ఊరు ఎంత పెరిగిందో తెలుస్తుంది.

షీటు గుర్తుల్లో ఏం చదవాలి

ఎరుపు చదరాలు ఇళ్లు. వాటిని గీత మాత్రమే గీసి లోపల ఖాళీగా వదిలితే అది పాడుబడ్డ ఊరు. అంటే సర్వే నాటికే వదిలేసిన ఊరన్నమాట, ముంపుతో సంబంధం లేదు. ఎడిషన్ను బట్టి గుర్తులు మారాయి కాబట్టి మీ షీటు అడుగున ఉన్న పట్టికే ప్రమాణం. నీలం ఏడాది పొడవునా నీరున్న చోటు. ఎండే వాగులు నల్లగీతలు. నీటి చెరువు నీలంగా, ఎండే చెరువు నల్ల అంచుతో ఉంటుంది. కట్ట పక్కన '6ఆర్' లాంటి అంకె కనిపిస్తే అది సముద్రమట్టం నుంచి ఎత్తు కాదు, చుట్టూ నేల నుంచి కట్ట ఎత్తు. పాత షీట్లలో అడుగుల్లో, కొత్తవాటిలో మీటర్లలో ఉంటుంది. తాటిచెట్టుకు ప్రత్యేకమైన గుర్తుంది, అలాంటివి ఒకచోట గుంపుగా ఉంటే అక్కడ తాటివనం ఉన్నట్టు. ఏటి మీద పడవ రేవు, కాలినడకన దాటే రేవు వేర్వేరు గుర్తులు. సంగమం దగ్గర షీట్లలో ఈ రేవులను తప్పకుండా గుర్తించి పెట్టుకోండి. ఏటికి రెండు వైపులా బండిబాటలు ఎందుకు అక్కడికే వచ్చి కలుస్తున్నాయో, ఆ ఒడ్డున ఊరు ఎందుకు వెలిసిందో రేవు చూశాకే అర్థమవుతుంది.

పేర్ల సంగతి చూద్దాం. సర్వేవాళ్లు చెవికి విన్నది ఇంగ్లిషు అక్షరాల్లో రాశారు. ట, త లకూ డ, ద లకూ తేడా ఉండదు, ళ ల అయిపోతుంది, పాలెం, పల్లె, పాడు ఒకదానికొకటి మారిపోతాయి. అందుకని షీటులో పేరు చూసి ఇదే ఫలానా ఊరు అని రాసేయొద్దు. రెవెన్యూ రికార్డుతో కలపాలి.

రికార్డులు ఏ ఒడ్డువో చూసి వెతకాలి

తుంగభద్ర అప్పట్లో రాజ్యాల సరిహద్దు. దక్షిణం ఒడ్డు మద్రాసు ప్రెసిడెన్సీ, ఉత్తరం ఒడ్డు నిజాం రాజ్యం. కాబట్టి ఒకే షీటులో ఎదురెదురుగా ఉన్న రెండు ఊళ్లకు రికార్డులు రెండు పద్ధతుల్లో, రెండు భాషల్లో ఉంటాయి. కర్నూలు వైపు ఊరికి రీసెటిల్‌మెంట్ రిజిస్టరు, ఫెయిర్ అడంగల్ (రెండూ సర్వే నంబర్లవారీ భూమి పట్టికలు), ఎఫ్‌ఎంబీ (పొలాల కొలతల పుస్తకం), గ్రామ పటం అడగాలి. పాత గ్రామ పటం మైలుకు 16 అంగుళాల స్కేలు, ఎఫ్‌ఎంబీ కొలతలు లింకుల్లో. గొలుసు 66 అడుగులు, అందులో 100 లింకులు, ఒక లింకు 20 సెంటీమీటర్ల చిల్లర. ఆలంపూర్ వైపు ఊరికి సేత్వార్ (సర్వే నాటి భూమి పట్టిక), టిప్పన్ (సర్వే నంబరు కొలతల పటం), 1954-55 ఖాస్రా పహాణీ (భూమి, సాగు వివరాల రిజిస్టరు) చూడాలి. టిప్పన్ కొలతలు 33 అడుగుల గొలుసులో, గొలుసును 16 అణాలనే భాగాలు చేస్తారు. ఒక ఒడ్డు గొలుసుతో ఇంకో ఒడ్డు పటం కొలిస్తే ప్రతి దూరం సగమో రెట్టింపో అవుతుంది.

ఆలంపూర్ విషయంలో ఇంకో చిక్కు ఉంది. 1956 నవంబరు వరకు ఆలంపూర్, గద్వాల తాలూకాలు రాయచూర్ జిల్లాలో ఉండేవి, రాష్ట్రాల పునర్విభజనలో మహబూబ్‌నగర్ జిల్లాకు వచ్చాయి. అంతకు ముందు కాలపు కాగితాలు, జనాభా లెక్కల పుస్తకాలు మహబూబ్‌నగర్ పేరుతో వెతికితే దొరకవు, రాయచూర్ పేరుతో వెతకాలి.

జనాభా లెక్కల జిల్లా హ్యాండ్‌బుక్కులు ఈ పనికి బంగారం. 1951, 1961 పుస్తకాల్లో తాలూకావారీగా ప్రతి రెవెన్యూ గ్రామం పేరు, విస్తీర్ణం, ఇళ్లు, జనం ఉంటాయి. ఊరు 1961లో ఉండి, 1991లో ఆ పేరు పక్కన జనం లేరని ఉంటే కారణం వెతకాలి. 'బేచిరాగ్' అని రాసి ఉంటే రెవెన్యూ గ్రామం ఉంది కానీ మనిషి లేడు. బేచిరాగ్ అన్నవన్నీ మునిగినవి కావు. వందేళ్లకు ముందే కరువుకో కలరాకో ఖాళీ అయినవీ వాటిలో ఉంటాయి. వేరు చేయడానికి పాత షీటే ఆధారం: అప్పటికే ఖాళీ చదరాలుంటే పాత పాడు, నిండు ఎరుపు చదరాలుండి 885 గీతకు లోపల ఉంటే ముంపు.

ఆ ఊళ్లలో పుట్టిన పెద్దలు నిర్వాసిత కాలనీల్లో ఇంకా ఉన్నారు. వాళ్లు చెప్పేది ఏ కాగితంలోనూ లేదు, వాళ్లు ఉండగానే రాసుకోవాలి. అయితే మ్యాపు చేతిలో పెట్టి 'మీ ఊరెక్కడ, చూపించండి పెద్దయ్యా' అంటే చాలామందికి కుదరదు. 'మంచినీళ్లు ఎటు వెళ్లి తెచ్చుకునేవాళ్లు? పొద్దున గుడి మీద ఎండ ఏ పక్క పడేది? సంతకు ఏ రేవు దాటేవాళ్లు? చెరువు అలుగు ఊరికి ఎగువనా దిగువనా?' ఇలా అడగండి. ఒక్కో జవాబూ షీటు మీద ఒక గుర్తుకు ముడిపడుతుంది. మూడు నాలుగు కుదిరితే ఊరు తేలిపోతుంది, పేరు ఎలా రాసి ఉన్నా సరే.

నేల మీద

షీటును జియోటిఫ్‌గా (స్థానం వివరాలు కలిసిన చిత్ర ఫైలు) దాచి ఓరక్స్‌మ్యాప్స్, అవెంజా లాంటి యాప్‌లో ఫోన్లోకి ఎక్కించుకోవాలి, వెనుకజలాల దగ్గర సిగ్నల్ ఉండదు. ఊరి గుర్తు చుట్టూ 100 మీటర్ల వలయం గీసుకుని దాని లోపల నడవాలి. నీళ్లలో నలభై ఏళ్లు నానిన ఊరిలో మట్టిగోడలు మిగలవు. మిగిలేవి రాతి పునాదుల వరుసలు, రోలు, తిరగలి రాళ్లు, గుడి అధిష్ఠానం (రాతి పీఠం), రాతికట్టు బావి ఒర, మొదళ్లు మాత్రమే మిగిలిన చింతచెట్ల వరుస. పెంకులు ఒకచోట ఒత్తుగా కనిపిస్తే వీధి దొరికినట్టే, అక్కడినుంచి పునాదుల దిక్కు పట్టుకుని నడవాలి.

గట్టిగా చెప్పాల్సిన జాగ్రత్త బావుల గురించి. ఒండ్రు నిండిన బావి పైకి ఎండిన నేలలాగే ఉంటుంది, పగుళ్లు కూడా వేసి ఉంటుంది, కాలు పెడితే దిగబడుతుంది. షీటులో బావి గుర్తున్న ప్రతి చోటా ముందు కర్రతో పొడిచి చూడాలి. నీటి అంచుకు దగ్గరి బురదలోకి ఒంటరిగా దిగొద్దు. తూర్పున నల్లమల వైపు వెళ్లేకొద్దీ పులుల అభయారణ్యం వస్తుంది, అక్కడ అటవీ శాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు.

ఊరికి వెళ్లగానే సర్పంచుకో, రెవెన్యూ సిబ్బందికో వచ్చిన పని చెప్పండి. పాత మ్యాపు, జీపీఎస్ పట్టుకుని పాడుగుడి చుట్టూ తిరిగేవాళ్లను గుప్తనిధుల ముఠా అనుకోవడం సహజం, అలాంటి ముఠాలు నిజంగానే గుళ్లను తవ్వి పాడుచేస్తున్నాయి కూడా. ఏదీ తవ్వొద్దు, రాయి కదపొద్దు, పెంకు కూడా జేబులో వేసుకోవద్దు. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. శాసనం కనిపిస్తే పక్కవెలుతురులో ఫొటో తీసి, స్థానం రాసి, పురావస్తు శాఖకు పంపండి. సుద్ద పూయడం, తడిపి రుద్దడం వద్దు.

గుడి చోటు ఖాళీగా ఉంటే మునిగి కూలిందని వెంటనే రాయకండి. ముంపుకు ముందే కొన్ని ఆలయాలను రాయి రాయి విప్పి వేరే చోట కట్టారు. కూడవెల్లి సంగమేశ్వరాలయం అలా ఆలంపూర్ చేరింది. పాత షీటులో సంగమం దగ్గరున్న గుడి గుర్తు దాని మొదటి చోటు చూపిస్తుంది.

చెరువులకు ఇదే పని

ముంపు లేని ప్రాంతంలో మొదలుపెట్టాలనుకునేవాళ్లకు గొలుసుకట్టు చెరువులు మంచి సాధన. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయకు ముందు లెక్కలో తేలిన చెరువులే 46 వేలకు పైగా. అంగుళం షీటులో ఒక వాగు వెంట పై నుంచి కిందికి వచ్చి ప్రతి కట్టనూ గుర్తించండి. మిల్లీమీటరుకు 63 మీటర్ల చొప్పున పొడవు కట్టండి. ఇవాళ్టి చిత్రంలో ఆ చోట చెరువు లేకపోతే మూడింటిలో ఒకటి జరిగి ఉంటుంది: కట్ట వాగు దాటే చోట, అంటే అత్యంత లోతైన చోట తెగి పొలమైంది, లేదా కట్ట మీద రోడ్డు వేశారు, లేదా ప్లాట్లయింది. కాంటూరు గీత వాగు దగ్గర ఎగువకు మొన తేలి వంగే చోట చూస్తే తెగిన గండి ఎక్కడుండాలో తెలుస్తుంది. తూము రాళ్లు సాధారణంగా అక్కడికి దగ్గర్లోనే, అలుగు కట్ట చివర గట్టి నేల మీద ఉంటాయి.

ఈ పోలికను ఆక్రమణ తగాదాల్లో సాక్ష్యంగా చూపాలని కొందరికి ఉత్సాహం ఉంటుంది. టోపోషీటు సరిహద్దులకు చెల్లదు, దాని పొరపాటే 30 నుంచి 50 మీటర్లు. శిఖం భూమి (చెరువు నీరు నిలిచే భూమి) హద్దు తేల్చేది టిప్పన్, చెరువు పోరంబోకు హద్దు తేల్చేది ఎఫ్‌ఎంబీ. ఏ సర్వే నంబరు తీయించాలో చూపించడం వరకే షీటు పని.

దొరికిన ప్రతి స్థలానికీ ఈ వివరాలు రాసి పెట్టండి: షీటు నంబరు, సర్వే సంవత్సరం, ఎడిషన్, డబ్ల్యూజీఎస్ 84లో అక్షాంశ రేఖాంశాలు, చూసిన తేదీ, ఆ రోజు జలాశయం మట్టం అడుగుల్లో, పేరు చెప్పినవారి ఊరు. మట్టం రాయకపోతే వచ్చే వేసవిలో ఇంకొకరు అదే చోటికి వచ్చి నీళ్లు చూసి వెనక్కి పోతారు. ఒక కాపీ నిర్వాసిత కాలనీ బడికి ఇవ్వండి, ఊరి పేరు తెలుగులో వాళ్లు పలికినట్టే రాసి.